త్రోవ నిచ్చు మర్యాద

ఆంధ్ర మహాభారతమున ఆదిపర్వము చదివినవారికి కల్మాషపాదుని కథ క్రొత్త కాదు. ఇక్ష్వాకు వంశమున జన్మించిన ఆ రాజు వేటకు వెడలి, అలసి, ఆకలి దప్పులతో తిరిగి వచ్చుచుండెను. అడవిలో త్రోవ మిక్కిలి యిరుకు. ఒకరు నడచుచుండగా నింకొకరికి చోటు లేదు. ఆ త్రోవనే యెదురుగా వసిష్ఠుని నూర్గురు కుమారులలో జ్యేష్ఠుడైన శక్తి వచ్చెను. తొలగుమని రాజు పలికెను. బ్రాహ్మణునకు రాజే త్రోవ విడువవలెనని ధర్మము చెప్పుచున్నదని శక్తి శాంతముగానే బదులిచ్చెను. ఇద్దరిలో నెవ్వరును కదలలేదు. మాటకు మాట పెరిగెను. రాజు చేతి కొరడాతో ముని కుమారుని కొట్టెను. ముని కుమారుడు రాజును నరమాంసము తిను రాక్షసుడవు కమ్మని శపించెను.

శాపము ఫలించిన పిమ్మట ఆ రాక్షసుడు మొట్టమొదట భక్షించినది శపించిన శక్తినే. తరువాత అతని తమ్ములందరును ఆహారమైరి. పుత్రశోకమున వసిష్ఠుడంతటివాడు ప్రాణత్యాగమునకు సిద్ధపడెను. శక్తి మరణించునాటికి తల్లి గర్భమున నున్న పరాశరుడు పెరిగి పెద్దవాడై, తండ్రి చావు సంగతి విని, రాక్షసజాతి నంతటిని యజ్ఞాగ్నిలో వ్రేల్చుటకు పూనుకొనెను. ఇంత అనర్థమునకును మూలము ఒక కాలిత్రోవ. కథలో విశ్వామిత్రుని పన్నాగము కూడ కలదు గాని, ఆయన రాక్షసుని ప్రేరేపించి రాజునందు ప్రవేశపెట్టినది కొరడా దెబ్బయు శాపమును జరిగిన తరువాతనే. దెబ్బకు బాధ్యుడు రాజొక్కడే. ఇక శక్తి చెప్పినది శాస్త్రదృష్టితో సరియే. అయినను సరియైన పక్షమున నున్నవాడే ముందుగా చచ్చెను. నేటి మోటారు రహదారులపై నిత్యము జరుగుచున్నదియు నిదియే గదా!

శక్తి చెప్పిన ధర్మమేదో కొంచెము పరిశీలింపదగియున్నది. ప్రాచీనులు ఎవరికెవరు త్రోవ యీయవలెనను ప్రశ్నను చిన్న విషయముగా నెంచలేదు. మనుస్మృతి రెండవ అధ్యాయమున త్రోవకు అర్హులైనవారి పట్టిక యొకటి కలదు. బండిలో పోవువాడు, తొంబదేండ్లు పైబడిన వృద్ధుడు, రోగి, బరువు మోయువాడు, స్త్రీ, విద్య ముగించిన స్నాతకుడు, రాజు, పెండ్లికొడుకు – ఈ యెనమండుగురికిని తక్కినవారు తొలగి త్రోవ విడువవలెను. వీరిలో వీరికే యెదురుపడినచో రాజును స్నాతకుడును ముఖ్యులు. ఆ యిద్దరే యెదురుపడినచో రాజు స్నాతకుని గౌరవింపవలెను. ఈ పట్టికను నిదానముగా చదివినచో అందు రెండు విధములైన మనుష్యులు కలిసియున్నారని తోచును. మొదటి యైదుగురు అవసరమునుబట్టి అర్హులైనవారు. బండిని చటుక్కున ప్రక్కకు త్రిప్పుట సాధ్యము కాదు. ముసలివాడు త్వరగా జరుగలేడు. రోగికి శక్తి లేదు. నెత్తిన మూటతో నున్నవాడు గట్టు దిగి మరల నెక్కుట కష్టము. తక్కిన ముగ్గురును హోదానుబట్టి అర్హులు. పెండ్లికొడుకు మాత్రము ఒక్కనాటి రాజు; ఆ యొక్కనాడైన అతనికి లోకము తొలగుట న్యాయమే.

తెలుగు దేశమున మిక్కిలి ప్రచారమునందున్న ఆపస్తంబ ధర్మసూత్రము ఇంకొక మెట్టు పైకి పోయినది. త్రోవ రాజుది, కాని బ్రాహ్మణుడెదురైనచో బ్రాహ్మణునిది. బండికి, బరువు మోయువానికి, రోగికి, స్త్రీకి అందరును త్రోవ యీయవలెను. వర్ణాధిక్యము గలవారికి తక్కిన వర్ణములవారు తొలగవలెనని చెప్పుటయు నందు కలదు. దాని ఫలితములు ముందు వచ్చును. కాని ఆపస్తంబుడు చివర చేర్చిన మాట యపూర్వమైనది. మూర్ఖునకును, పతితునకును, త్రాగినవానికిని, పిచ్చివానికిని కూడ అందరును త్రోవ విడువవలెనట. అది వారి గౌరవార్థము కాదు, తన క్షేమము కొరకు! అడ్డదిడ్డముగా వచ్చు లారీకి తొలగి నిలుచుట పిరికితనము కాదని నేటి డ్రైవింగు శిక్షకులు చెప్పునది యిదియే. ప్రవర చెప్పుకొనునప్పుడు ఆపస్తంబ సూత్రమును తలచువారు తెలుగువారిలో నెందరో కలరు. వారిలో కొందరైనను కారు తలుపు మూయునప్పుడు కూడ ఆయనను తలచిన బాగుండును.

హోదానుబట్టి త్రోవ నిర్ణయించుటలో నొక చిక్కు కలదు. ఇద్దరును సమానులైనచో నేమి గతి? ఈ చిక్కును బౌద్ధుల రాజోవాద జాతకము ముచ్చటగా విప్పినది. కాశీరాజు బ్రహ్మదత్తుడు తనలో దోషములేవైన నున్నచో చెప్పువారెవరైన దొరకుదురేమోయని సారథి నొక్కనినే వెంటగొని మారువేషమున దేశము తిరుగుచుండెను. కోసల రాజైన మల్లికుడును సరిగా నట్టి కోరికతోనే తిరుగుచుండెను. ఇరుగట్లు ఎత్తుగా నుండి, రథమొక్కటి మాత్రమే పట్టు పల్లపు బాటలో ఆ రెండు రథములును ఎదురుపడెను. నీ రథము త్రిప్పుమనగా నీ రథము త్రిప్పుమని సారథులు వాదులాడిరి. కాశీ సారథి యుపాయము పన్ని, పిన్నవాడు పెద్దవానికి త్రోవ యిచ్చునని తలచి, రాజుల వయస్సులు పోల్చెను, అవి సమానము. రాజ్య విస్తీర్ణము, సైన్యము, ధనము, కీర్తి, కులగోత్రములు – అన్నియు సమానములే. తుదకు గుణములను పోల్చిరి. కోసలరాజు మెత్తనివారియెడ మెత్తగాను, కఠినులయెడ కఠినముగాను ప్రవర్తించునని అతని సారథి గర్వముగా చెప్పెను. గుణములివియేయైనచో దోషములెట్టివియోయని కాశీ సారథి నవ్వి, తన రాజు కోపమును శాంతముచేతను, చెడ్డను మంచిచేతను జయించునని చెప్పెను. ఆ మాట వినినంతనే మల్లికుడును అతని సారథియు దిగి, గుఱ్ఱములను విప్పి, రథము తొలగించి త్రోవ యిచ్చిరి.

భారతకథలో త్రోవ గుణమునకు కాక అహంకారమునకు చిక్కెను. జాతకమున అహంకారమే తొలగెను. గ్రీకుల పురాణమునందు మూడు బాటలు కలియు చోట త్రోవకై తగవులాడి ఈడిపస్ తన తండ్రియని యెరుగక తండ్రినే చంపెను. మూడు దేశముల, మూడు మతముల కథకులును త్రోవ తగవునే యెన్నుకొనుట కేవలము యాదృచ్ఛికము కాకపోవచ్చును. మనుష్యుడు ఇంటిలోను కొలువులోను దాచుకొను స్వభావము బాటపై నొక్క క్షణములో బయటపడును.

తెలుగువారి జ్ఞాపకమున నిలిచిన త్రోవ మర్యాదలలో మేలైనది శ్రీకృష్ణదేవరాయలది. రాయలు మరణించిన పిమ్మట అల్లసాని పెద్దన దుఃఖించుచు చెప్పినట్లు ప్రసిద్ధమైన చాటుపద్యము కలదు. త్రోవలో తానెదురైనచో రాయలు తన మదపుటేనుగును నిలిపి, చేయూత యిచ్చి, పైకెక్కించుకొనెడివాడని కవి యందు తలచుకొనెను. మనుచరిత్రము నందుకొన్ననాడు పల్లకిని రాజే స్వయముగా పట్టి యెత్తిన సంగతియు నందే కలదు. చాటువులను చరిత్రకు సాక్ష్యముగా గ్రహింపరాదను పండితుల హెచ్చరిక సమంజసమే. కాని ఆ పద్యమును నాలుగు శతాబ్దములకు పైగా నోట నిలుపుకొన్న జాతి, రాజులో మెచ్చుకొన్నది దేనినో దానివలన తెలియుచున్నది. అగ్రహారములతోపాటు ఏనుగును నిలుపుటయు ఆ పద్యమున లెక్కకు వచ్చెను. మదపుటేనుగును నిలుపుట సులభమైన పని కాదు.

ఇంతవరకు చెప్పినది మర్యాద. మర్యాద తప్పి ప్రమాదము జరిగినచో నేమి చేయవలెనను విషయమున కూడ స్మృతికారులు మౌనము వహింపలేదు. మనుస్మృతి యెనిమిదవ అధ్యాయమున బండి ప్రమాదములను గూర్చిన విధులు చదువుచుండగా నేటి మోటారు వాహనముల చట్టము చేతిలో నున్నదా యని భ్రమ కలుగును. ముక్కుత్రాడు తెగినను, కాడి విరిగినను, ఇరుసు గాని చక్రము గాని విరిగినను, పగ్గములు తెగినను, బండి ప్రక్కకో వెనుకకో పోయినను తోలువానికి దండన లేదు. 'తొలగుము, తొలగుము' అని బిగ్గరగా నరచినవానికిని దండన లేదు. కాని తోలువాని నేర్పులేమిచే బండి త్రోవ తప్పి హాని కలిగినచో యజమాని రెండు వందల పణములు చెల్లింపవలెను. తోలువాడు నేర్పరియే యైనచో దండన తోలువానికే. అతడు నేర్పులేనివాడైనచో బండిలో కూర్చున్నవారందరును తలకొక నూరు పణములు చెల్లింపవలెను!

చివరి విధి చదువరిని కొంతసేపు ఆపును. తోలుట రానివాడని యెరిగియు వాని బండి యెక్కుట నేరములో పాలుపంచుకొనుటయేయని దాని భావము. పెండ్లివిందు ముగించుకొని, త్రాగి తూలుచున్న బంధువు నడుపు కారులో మొగమాటమునకు కూర్చుండువారికి ఈ విధి నేటికిని వర్తింపదగినదే. యజమానుని బాధ్యత మాత్రము మరల చట్టమునకు వచ్చినది. 2019లో చేసిన సవరణ ననుసరించి, మైనరు బాలుడు వాహనము నడిపి నేరము చేసినచో సంరక్షకునకు గాని వాహన యజమానికి గాని మూడేండ్ల వరకు జైలుశిక్షయు 25,000 రూపాయల జరిమానాయు విధింపవచ్చును.

కౌటిల్యుని దృష్టి మనువు దృష్టివంటిది కాదు. అది పాలకుని దృష్టి. అర్థశాస్త్రమున రాజమార్గము ఎనిమిది దండముల వెడల్పు, సామాన్యమైన రథ్యలు నాలుగు దండముల వెడల్పు నుండవలెనని కలదు. త్రోవ నడ్డగించిన వారికి జరిమానాలు త్రోవయొక్క ప్రయోజనమునుబట్టి యుండెను. మనుష్యులును చిన్న పశువులును నడచు త్రోవ నడ్డగించినచో పండ్రెండు పణములు, పెద్ద పశువుల త్రోవకు ఇరువదినాలుగు, శ్మశానమునకు గాని గ్రామమునకు గాని పోవు త్రోవకు రెండు వందలు. శవమును మోసికొనిపోవువారికి త్రోవ యడ్డగించుట మంద నడ్డగించుటకంటె ఎనిమిది రెట్లకు పైగా పెద్ద తప్పని యా మంత్రి లెక్కకట్టెను.

పైని చెప్పిన 'తొలగుము' అను కేకను మరల తలచుకొనవలసియున్నది. మనువు దానిని ఎదుటివాని ప్రాణము కాపాడు హెచ్చరికగా గ్రహించెను. కాని అదే కేకకు వేరొక ముఖము కలదు. మలబారు తీరమును చూచిన పాశ్చాత్య యాత్రికులు, అగ్రవర్ణములవారు నడచుచుండగా 'పో, పో' యని కేకలు వేయించి నిమ్నవర్ణములవారిని త్రోవనుండి దూరముగా తరుముటను గూర్చి వ్రాసియున్నారు. అచ్చట తొలగవలసినవాడు బండి క్రింద పడుననికాదు. వాని నీడయే, వాని ఉనికియే దోషమని భావింపబడెను. అవసరమునుబట్టి ఇచ్చు త్రోవయు, హోదానుబట్టి పుచ్చుకొను త్రోవయు ఒకే పట్టికలో నుండుటచే కలిగిన కీడు ఇదియే. వృద్ధునకు తొలగుమన్న శాస్త్రమే పుట్టుకకు తొలగుమని చెప్పుటకు ఆధారమాయెను.

1893లో తిరువితాంకూరు సంస్థానమున అయ్యన్‌కాళి యను పులయ యువకుడు ఎద్దుబండి యొకటి కొని, తన జాతివారికి నిషిద్ధమైన రాజబాటపై దానిని తోలుకొని పోయెను. ఎదిరించినవారికి లొంగలేదు. బండిలో పోవువానికి త్రోవ యీయవలెనని స్మృతి చెప్పుచున్నది. ఆ బండిలో నెవడు కూర్చుండవచ్చునో ఆయన తేల్చెను. 1924 మార్చి 30న వైకోములో ఆలయము చుట్టునున్న బాటలలో అందరును నడచు హక్కు కొరకు సత్యాగ్రహమారంభమై, 1925 నవంబరు వరకు సాగెను. వానలలో మెడలోతు నీటియందు నిలిచియు సత్యాగ్రహులు కదలలేదు. మహాత్మాగాంధీ 1925 మార్చిలో అచ్చటికి వచ్చెను. తుదకు మూడు ప్రక్కల బాటలు అందరికిని తెరవబడెను. తూర్పు బాట మాత్రమప్పటికి మూతబడియే యుండెను. దేవాలయ ప్రవేశముకంటె ముందుగా దేవాలయపు వీధిలో నడచుటకే ఇరువది మాసములు పట్టెను.

భారత రాజ్యాంగము పదునైదవ అనుచ్ఛేదమున బావులు, చెరువులు, స్నానఘట్టములతోపాటు 'బాటలు' అను మాట ప్రత్యేకముగా చేర్చబడుట వెనుక నిట్టి చరిత్రయే కలదు. మతము, జాతి, కులము, లింగము, జన్మస్థలము కారణముగా ప్రజల బాటను వాడుకొనుట కెవ్వరికిని అడ్డు చెప్పరాదు. దస్త్రములలో ఆ అనుచ్ఛేదమును వందలసార్లు ఉటంకించిన ఉద్యోగులు కూడ ఆ చిన్న మాటను దాటి పోవుట కద్దు.

మోటారు బండి వచ్చిన తరువాత ఆ పాత ప్రశ్న క్రొత్త వేగముతో తిరిగి వచ్చెను. ఇంగ్లండులో 1865 నాటి శాసనము స్వయంచాలక వాహనములకు పల్లెలలో గంటకు నాలుగు మైళ్ళు, పట్టణములలో రెండు మైళ్ళు మాత్రమే వేగమును అనుమతించి, ముందుగా ఒక మనిషి యెఱ్ఱజెండా పట్టుకొని నడువవలెనని నిర్ణయించెను. నడచువానికే బాటపై ప్రథమ హక్కు అను భావము ఆ హాస్యాస్పదమైన జెండాలో దాగియుండెను. 1896లో ఆ కట్టుబాటులు సడలింపబడెను. ఆ సంవత్సరమే ఆగస్టు 17న లండనులోని క్రిస్టల్ ప్యాలెస్ సమీపమున కారు తగిలి యొక పాదచారిణి మరణించెను. ఇట్టిది మరల జరుగకుండును గాక యని మరణవిచారణ జరిపిన అధికారి ఆశించెనట. భారతదేశమున 2022 ఒక్క సంవత్సరములోనే రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో సుమారు ఐదింట ఒక వంతు నడచిపోవువారే.

భారతదేశపు మోటారు చట్టములు 1914లోను, 1939లోను, 1988లోను చేయబడెను. వానిలోని త్రోవ నియమములను స్మృతుల ప్రక్కన పెట్టి చూచుట ఉపయుక్తము. ఎడమ ప్రక్కగా నడుపవలెను. కాపలాలేని కూడలిలో పెద్ద రోడ్డుపై పోవుచున్న వాహనమునకు త్రోవ యీయవలెను. తక్కిన సందర్భములలో కుడి ప్రక్కనుండి వచ్చువానికి ఈయవలెను. పాదచారులు దాటు గీతలపై పాదచారికే ముందు హక్కు. 2017 నాటి నియమములు పాదచారులు, సైకిలువారు, పిల్లలు, వృద్ధులు, వికలాంగులు వీరియెడ ప్రత్యేక శ్రద్ధ వహింపవలెనని డ్రైవరును శాసించుచున్నవి. మనువు చెప్పిన వృద్ధుడును, రోగియు అందు మరల కనబడుదురు. కనబడనివారు రాజును, స్నాతకుడును, పెండ్లికొడుకును. (పెండ్లి ఊరేగింపులు మాత్రము ఢిల్లీ వీధులలో ఏ చట్టముతోను నిమిత్తము లేకయే ఆ హక్కును నిలుపుకొనుచున్నవి.) బండిలో పోవువాని స్థానము తలక్రిందులైనది: నాడు నడచువాడు బండికి తొలగవలెను, నేడు గీతలపై బండియే నడచువానికి నిలువవలెను. ఎద్దులబండిని ఆపుట కష్టము, కారును ఆపుటకు పాదము నొక్కిన చాలును. కనుక ఈ మార్పు అదే సూత్రము ననుసరించి వచ్చినదే.

హోదా అంత సులభముగా బాట విడిచిపోలేదు. కారుపై నెఱ్ఱదీపము చాలకాలము వంది మాగధుల పని చేసెను. దాని వాడుక ఉన్నత రాజ్యాంగ పదవులవారికే పరిమితము కావలెనని 2013లో సుప్రీంకోర్టు చెప్పెను. 2017 మే 1 నుండి కేంద్ర ప్రభుత్వము దానిని మంత్రులకును అధికారులకును కూడ పూర్తిగా తొలగించెను. సచివాలయపు వరండాలలో ఆ నిర్ణయమునకు లోలోన నొచ్చుకొన్నవారు లేకపోలేదు. అంబులెన్సులకు, అగ్నిమాపక వాహనములకు మాత్రము దీపము మిగిలెను. 2019 సవరణ ప్రకారము అట్టి వాహనమునకు త్రోవ యీయనివానికి 10,000 రూపాయల జరిమానా గాని, ఆరు మాసముల వరకు జైలు గాని, రెండును గాని విధింపవచ్చును. రాజు పోయి రోగి నిలిచెను.

ఇక హారను సంగతి. అది 'తొలగుము' అను పూర్వపు కేకకు వారసురాలు. రెండు ముఖములును దానికి వచ్చినవి. లారీల వెనుక 'హారన్ ప్లీజ్' అని వ్రాయించుకొనుటలో హెచ్చరికను వినయముగా అడుగు పద్ధతి కలదు. వెనుక వచ్చువాడు కనబడడు గనుక చెప్పి పొమ్మని ప్రార్థన. ఎఱ్ఱదీపము వెలుగుచుండగా, కదలుట కెవరికిని వీలులేనప్పుడు, వెనుకనుండి ఎడతెరపి లేక మ్రోగించు హారను మాత్రము మలబారు బాటల కేకకు దగ్గరి చుట్టము. రాత్రి పది గంటలనుండి ఉదయము ఆరు గంటల వరకు నివాస ప్రాంతములలో హారను మ్రోగింపరాదని 2005లో సుప్రీంకోర్టు ఆదేశించినది. న్యూఢిల్లీ గోల్ చక్కర్ల వద్ద ఈ రెండవ విధమైన హారనే యెక్కువగా వినబడును. అచ్చట కుడినుండి వచ్చువానికి త్రోవ యీయవలెనను నియమమును అందరును పాటించినచో చక్రము తనంతట తాను తిరుగును. ఒక్కడు ముందుకు దూకినచో నాలుగు బాటలును బిగిసిపోవును. గంటసేపు ఆఫీసుకు ఆలస్యమైనవారి లెక్కలో ఆ యొక్కని పేరు వ్రాయబడదు.

1989 నాటి నియమములలో నొకటి వీటన్నింటికంటె ప్రాచీనమైనదిగా తోచును. కొండ బాట యిరుకైనచో దిగివచ్చు వాహనము ఎక్కిపోవు వాహనమునకు త్రోవ యీయవలెను. నెత్తిన మూటతో గట్టు నెక్కువానికి త్రోవ విడువుమన్న మాటయే యిది. తిరుమలకు పోవువారికి దీని అవసరము తెలియదు. 1944లో ఏర్పడిన మొదటి ఘాటు రోడ్డు దిగుటకును, 1974లో వచ్చిన రెండవది ఎక్కుటకును వేరువేరుగా నున్నవి. కాని వేసవి సెలవులలో పిల్లలతో ఢిల్లీనుండి హిమాలయములకు పోవు తెలుగు కుటుంబములు దీనిని కండ్లార చూడవచ్చును. నిండు బరువుతో లారీ యెక్కుచుండును. పైనుండి దిగు బస్సు డ్రైవరు కొంచెము వెడల్పైన మలుపున ఆపి, దీపము లొక్కసారి వెలిగించి ఆర్పును. లారీవాడు కిటికీలోనుండి చేయి పైకెత్తి, గేరు మార్చి, మెల్లగా దాటిపోవును.